మెడిసిన్ వార్డులో పోస్టింగులు: వరంగల్ వైద్య విద్యార్థులు తరచుగా అడిగే ప్రశ్నలు

ఎంబీబీఎస్ రెండో ఏడులోకి వచ్చిన పిల్లలు మెడిసిన్ వార్డులో అడుగుపెట్టే ముందు, పెట్టిన కొత్తలో నన్ను అడిగే ప్రశ్నలు దాదాపు ఇవే. హౌస్ సర్జన్లు, అంటే చదువు అయ్యాక ఏడాది ఇంటర్న్‌షిప్ చేసేవాళ్లు, అడిగేవి చివర్లో ఉన్నాయి. వరంగల్ చుట్టుపక్కల పేషెంట్లను ఇరవై ఏళ్లకు పైగా చూస్తూ, వాళ్ల మంచాల పక్కనే పాఠం చెబుతూ వచ్చిన ఫిజీషియన్‌గా నాకు తెలిసింది రాస్తున్నాను.

జనరల్ మెడిసిన్, ఇంటర్నల్ మెడిసిన్ ఒకటేనా?

ఒకటే. మన దేశంలో డిపార్ట్‌మెంట్ బోర్డు మీద, ఎండీ డిగ్రీ మీద ‘జనరల్ మెడిసిన్’ అని ఉంటుంది. బయటి దేశాల్లో చాలాచోట్ల ఇంటర్నల్ మెడిసిన్ అంటారు. పెద్దవాళ్లకు వచ్చే, కత్తితో పని లేని జబ్బులన్నీ మొదట వచ్చేది ఈ గుమ్మానికే.

క్లినికల్ పోస్టింగులు ఎప్పుడు మొదలవుతాయి? ఎక్కడ ఉంటాయి?

2019లో వచ్చిన కొత్త కరిక్యులమ్ వల్ల మొదటి ఏడులోనే వార్డును కొంచెం చూపిస్తారు. అసలు పోస్టింగులు, అంటే వార్డులో పేషెంట్ల దగ్గర నేర్చుకునే వంతులు, మాత్రం రెండో ఏడు నుంచే. రోజుకు మూడు గంటలు, సోమవారం నుంచి శుక్రవారం దాకా. 1959లో మొదలైన కాకతీయ మెడికల్ కాలేజీ విద్యార్థులకు వార్డంటే ఎంజీఎం ఆసుపత్రి. ఆదిలాబాద్ రిమ్స్ వాళ్లకు, నిజామాబాద్ వాళ్లకు, 2022లో తెరిచిన మంచిర్యాల, జగిత్యాల, రామగుండం, మహబూబాబాద్ కాలేజీల వాళ్లకు అక్కడి బోధనాసుపత్రులే వార్డులు.

మొదటి రోజు ఏం తీసుకెళ్లాలి?

స్టెతస్కోప్, టార్చి, మోకాలి మీద కొట్టే సుత్తి, 128 హెర్ట్జ్ ట్యూనింగ్ ఫోర్క్, టేపు, కొంచెం దూది, చిన్న నోటు పుస్తకం. సెకన్ల ముల్లున్న చేతి గడియారం తప్పనిసరి. పల్స్ లెక్కపెట్టడానికి ఫోన్ తీస్తే, మీరు మెసేజ్ చూసుకుంటున్నారని పేషెంటు అనుకుంటాడు. ఖరీదైన స్టెతస్కోప్ అక్కర్లేదు. బెల్ (చిన్న గిన్నె లాంటి వైపు), డయాఫ్రమ్ (పలచని పొర ఉన్న వైపు) రెండూ ఉండి, చెవుల్లో సరిగ్గా కూర్చుంటే చాలు. చలికాలం డయాఫ్రమ్‌ను అరచేతిలో రుద్ది వెచ్చబెట్టాకే ఛాతీ మీద పెట్టండి.

పేషెంటు దగ్గరికెళ్లి ఏమని మొదలుపెట్టాలి?

పేరు పెట్టి పిలవండి. పెద్దవాళ్లయితే అవ్వా, బాపూ, పెద్దమ్మా, కాకా అనండి. “ఏ, నువ్వు” అని ఎవరినీ అనకండి. ఇరవై ఏళ్ల మీరు, అరవై ఏళ్ల రైతును “ఏం నొస్తుంది నీకు?” అని అడిగితే ఆయన జవాబు చెబుతాడు, కానీ చెప్పాల్సింది చెప్పడు. “బాపూ, నేను ఇక్కడ చదువుకుంటున్న. మీ పానం సంగతి కొంచెం అడగొచ్చా?” అనండి. చదువుకుంటున్న పిల్లలని తెలిస్తే మన దగ్గర చాలామంది కాదనరు. “అడుగు బిడ్డా, నువ్వన్న మంచిగ నేర్చుకో” అంటారు.

ఆ తర్వాత స్టూలు లాక్కుని కూర్చోండి. స్టూలు లేకపోతే మంచం పక్కన వంగి నిలబడండి. కాళ్ల వైపు నిలబడి కేస్ షీట్ చదువుతూ అడగొద్దు. మొదటి రెండు నిమిషాలు ఏమీ రాసుకోకుండా వినండి. మధ్యలో ఆపకుండా వింటే చాలామంది రెండు నిమిషాల్లోనే అసలు సంగతి చెప్పేస్తారు.

మేం హైదరాబాద్‌లో, హాస్టళ్లలో పెరిగాం. మాలో కొందరు వేరే రాష్ట్రాల నుంచి ఆలిండియా కోటాలో వచ్చారు. పేషెంట్ల మాట అర్థం కావడం లేదు. ఏం చేయాలి?

ఈ ప్రశ్న అడిగేవాళ్లంటే నాకు ఇష్టం. అర్థం కాకపోయినా అయినట్టు తలూపేవాళ్ల గురించే నా భయం. మాట అర్థం కాకుండా హిస్టరీ (పేషెంటు చెప్పే జబ్బు కథ) లేదు, హిస్టరీ లేకుండా మెడిసిన్ లేదు.

కొన్ని మాటలు చెబుతాను. “పానం మంచిగ లేదు” అంటే ఒంట్లో ఎక్కడైనా, ఏమైనా కావచ్చు. అక్కడితో వదిలేయకుండా “ఎక్కడ మంచిగ లేదు?” అని అడగాలి. “దమ్మొస్తాంది” అంటే ఆయాసం. “పసిరికలు” అంటే కామెర్లు. “జరం” జ్వరం, “సర్ది” జలుబు, “నెత్తి నొస్తాంది” అంటే తలనొప్పి. “ఒంటికి పోవుడు” మూత్రం, “దొడ్డికి పోవుడు” మలం. “కళ్లె పడతాంది” అంటే కఫం వస్తోందని. “కండ్లు తిరుగుతానయ్” అంటే లోకం గిర్రున తిరగడం కావచ్చు, కళ్లు బైర్లు కమ్మడం కావచ్చు, నడుస్తుంటే తూలడం కావచ్చు. ఈ మూడింటికీ మూడు వేర్వేరు చోట్ల వెతకాలి కాబట్టి, ఏది అనేది తేల్చుకోకుండా ముందుకు వెళ్లొద్దు.

అన్నిటికంటే కష్టమైన మాట “గాబరా”. గుండె దడకూ అదే మాట, భయానికీ అదే, షుగర్ పడిపోయినప్పుడు పట్టే వణుకు, చెమటలకూ అదే. “గాబరా అయినప్పుడు గుండె ఎట్ల కొట్టుకుంటదో నీ వేలితోటి ఈ బల్ల మీద కొట్టి చూపియ్యవ్వా” అని అడగండి. ఒకావిడ మంచం పక్కనున్న ఇనుప బల్ల మీద వేలితో వేగంగా, క్రమం లేకుండా తట్టి చూపించింది. పల్స్ పట్టుకుంటే అదే తాళం. ఈసీజీ తీయకముందే మా విద్యార్థి ఏట్రియల్ ఫిబ్రిలేషన్ (గుండె క్రమం తప్పి కొట్టుకునే జబ్బు) అని చెప్పాడు.

తండాల నుంచి వచ్చే లంబాడీ పెద్దవాళ్లకు, ములుగు వైపు నుంచి వచ్చే కోయవాళ్లకు, ఆదిలాబాద్ గోండులకు తెలుగు ఇంటి భాష కాదు. వెంట వచ్చిన చదువుకున్న మనవడు చెప్పింది అతని అభిప్రాయం కావచ్చు. అవ్వ ఏమంటోందో అదే మాట చెప్పమని మనవడిని అడగాలి. ఉర్దూ మాట్లాడేవాళ్లూ చాలామంది వస్తారు. “దర్ద్ కహాఁ హై” దగ్గరే ఆగిపోకుండా ఇంకో ఇరవై మాటలు నేర్చుకోండి.

పుస్తకంలో ఉన్న ప్రశ్నలే అడుగుతున్నాం. అయినా సరైన జవాబు రావడం లేదు. ఎందుకు?

ఆ ప్రశ్నలు ఇంకెక్కడి ఇళ్లనో చూసి రాసినవి కాబట్టి. గుండె ఫెయిల్యూర్‌లో పడుకుంటే ఆయాసం వస్తోందా అని తెలుసుకోవడానికి “ఎన్ని దిండ్లు పెట్టుకుంటారు?” అని అడగమని నేర్పుతారు. దిండే లేకుండా, చెద్దరు మడిచి తల కింద పెట్టుకునే మనిషిని అది అడిగితే “ఒక్కటి కూడ లేదు” అంటాడు. మీరు ‘ఆర్థాప్నియా లేదు’ అని రాసుకుంటారు. అతనేమో పదిహేను రోజులుగా రాత్రంతా గోడకు ఆనుకుని కూర్చునే నిద్రపోతున్నాడు. అడగాల్సింది ఇది: “రాత్రి ఎట్ల పండుకుంటున్నవ్ బాపూ? సాపుగ పండుకుంటే ఏమైతాంది?”

ఎన్ని మెట్లెక్కితే దమ్ము వస్తుందన్నది కూడా అలాంటి ప్రశ్నే. పెంకుటింట్లో మెట్లెక్కడివి? బాయి కాడికి నడిచి పోతుంటే మధ్యలో ఆగుతున్నాడా, పోయిన ఏడాది ఆగకుండా పోయేవాడా, అవ్వ అయితే నీళ్ల బిందె మోసుకొచ్చే పని ఈ మధ్య కోడలికి అప్పజెప్పిందా అని అడగండి. పని ఎప్పుడు మానేశారన్నది మంచి కొలత. దమ్ము వచ్చే పనిని మనిషి తనకు తెలియకుండానే మానేస్తాడు, తర్వాత “నాకు దమ్మేం లేదు” అంటాడు. అది అబద్ధం కాదు.

ఎన్నాళ్ల నుంచి అంటే తారీకులు చెప్పలేరు. బతుకమ్మ పండుగకు ముందా తర్వాతా, పత్తి ఏరేటప్పుడా, నాట్లప్పుడా అని అడిగితే చెబుతారు. మేడారం జాతర రెండేళ్లకోసారి మాఘమాసంలో వస్తుంది కాబట్టి, “మొన్నటి జాతరకు మంచిగనే నడిచి పోయిన” అంటే మీకు ఒక తేదీ, ఒక నడక పరీక్ష రెండూ దొరికినట్టే.

తాగుడు, బీడీల గురించి అడగడానికి మొహమాటంగా ఉంటుంది.

తిన్నావా అని అడిగినంత మామూలుగా అడగండి. గొంతులో తిట్టు వినిపిస్తే నిజం రాదు. మన దగ్గర మందు లెక్క క్వార్టర్లలో చెబుతారు. క్వార్టర్ అంటే 180 మిల్లీలీటర్లు. సుమారు 43 శాతం ఆల్కహాల్ ఉండే విస్కీ, బ్రాందీ అయితే అందులో దాదాపు 60 గ్రాముల ఆల్కహాల్. అప్పుడప్పుడు అంటే ఎన్ని రోజులకోసారి, ఎంత, ఎన్నేళ్ల నుంచి అన్నవి విడివిడిగా అడిగి రాయాలి. బీడీలైతే రోజుకు ఎన్నో అడిగి, ఏళ్లతో గుణించండి. రోజుకు 20 బీడీలు 30 ఏళ్లు తాగితే 600. 300 దాటితేనే ఎక్కువ తాగినట్టు లెక్క. కరీంనగర్, నిజామాబాద్ వైపు ఆడవాళ్లను బీడీలు చుడతారా అని కూడా అడగాలి. వాళ్లు తాగకపోయినా రోజంతా కూర్చునేది ఆ పొగాకు దుమ్ములోనే.

కల్లు సంగతి వేరుగా అడగండి. కల్తీ కల్లులో డయాజిపామ్, అల్ప్రజోలమ్ లాంటి మత్తు మందులు కలుపుతారు. ఏళ్ల తరబడి అది తాగినవాళ్లకు రెండు మూడు రోజులు కల్లు దొరకకపోతే చేతులు వణుకుతాయి, పొంతన లేని మాటలు వస్తాయి, ఫిట్స్ కూడా రావచ్చు. “మందు తాగుతవా?” అంటే “తాగను” అంటారు. వాళ్ల లెక్కలో కల్లు మందు కాదు. జ్వరంతో వచ్చి మూడో రోజు అర్ధరాత్రి వార్డులో గోల చేసే మనిషి విషయంలో ఈ ఒక్క ప్రశ్న ముందే అడిగి ఉంటే చాలా తిప్పలు తప్పుతాయి.

ఊర్లో ఆర్‌ఎంపీ దగ్గర ఏ సూది, ఏ గోలీలు వాడారని కూడా అడగండి. కీళ్ల నొప్పులకని ఏడాదిగా స్టెరాయిడ్ మింగి ఒక్కసారి ఆపేసినవాళ్లు బీపీ పడిపోయి వస్తారు. పాత చీటీలు, గోలీల పట్టీలు అన్నీ మంచం కింద ప్లాస్టిక్ కవర్లో ఉంటాయి. ఆ కవర్ తీసి చూడటం కూడా హిస్టరీలో భాగమే.

సార్‌కు వినిపించే మర్మర్ (గుండెలో అదనపు శబ్దం) మాకు వినిపించదు, మెడలో జేవీపీ (మెడ సిరలో కనిపించే రక్త పీడనం) కనిపించదు. మాలో లోపమా?

లోపం కాదు, లెక్క. వంద మామూలు గుండెలు విన్న చెవికే నూటొకటో గుండెలో తేడా తెలుస్తుంది. అందుకే జబ్బు లేని గుండెలు వినండి. మీ రూమ్‌మేట్‌దే వినండి.

చాలాసార్లు తప్పు చెవిలో ఉండదు, పేషెంటును పడుకోబెట్టిన తీరులో ఉంటుంది. మైట్రల్ స్టెనోసిస్ (గుండె ఎడమ వైపు వాల్వు ఇరుకవడం) మర్మర్ వినాలంటే పేషెంటును ఎడమ పక్కకు తిప్పాలి, బెల్‌ను ఒత్తకుండా ఊరికే ఆనించాలి, ఊపిరి పూర్తిగా వదిలాక వినాలి. బెల్ గట్టిగా ఒత్తితే అది డయాఫ్రమ్ అయిపోయి ఆ చిన్న గుడగుడ మాయమవుతుంది. జేవీపీ కోసం 45 డిగ్రీలు పడుకోబెట్టి, మెడ కండరాలు వదులయ్యేలా తల కింద ఆనిక పెట్టి, వెలుగు పక్క నుంచి పడేలా చూడండి. కిటికీ పక్క మంచం దొరికిన రోజు వదలకండి. రోలు లాంటి స్ప్లీన్ (ప్లీహం) కూడా విద్యార్థికి ఒక్కోసారి దొరకదు. చేతిని పక్కటెముకల దగ్గర మొదలుపెడతాడు కాబట్టి, అప్పటికే చెయ్యి స్ప్లీన్ మీద ఉంటుంది, అంచు తగలదు. కుడివైపు పొత్తికడుపు నుంచి మొదలుపెట్టి పైకి రావాలి.

తట్టి వినడం 1761లో ఆస్ట్రియా డాక్టరు ఔన్‌బ్రుగ్గర్ రాసిన పద్ధతి. ఆయన తండ్రిది సత్రం. పీపాల్లో ఎంత ఉందో తట్టి చూడటం అక్కడే నేర్చుకున్నాడని చెబుతారు. మీ హాస్టల్ నీళ్ల డ్రమ్ము మీద పై నుంచి కిందికి తట్టుకుంటూ రండి. నీటి మట్టం దగ్గర వేలికే తేడా తెలుస్తుంది. ఛాతీలో నీరు చేరిన పేషెంటు వెన్ను మీద అదే తేడా ఉంటుంది.

‘మంచి కేసు’ ఎక్కడ దొరుకుతుంది?

పొద్దున్నే వార్డులో తిరుగుతూ “మంచి కేసుందా?” అని పీజీలను (ఎండీ చదువుతున్న డాక్టర్లను) అడగడం విద్యార్థుల అలవాటు. పెద్ద స్ప్లీనో, గట్టి మర్మరో ఉన్న మంచం చుట్టూ పదిహేను మంది చేరతారు. పక్క మంచం మీద మామూలు జ్వరం, మామూలు ఆయాసం ఉన్న మనిషి దగ్గర ఎవరూ ఉండరు. నేనైతే ఆ పక్క మంచం దగ్గరికే వెళ్లమంటాను. వెళ్లి, రేపు మళ్లీ అదే మంచం దగ్గరికి వెళ్లమంటాను. ఎల్లుండి కూడా.

నేను ఎక్కడున్నా పట్టుబట్టి చెప్పే సంగతి ఇదొక్కటే. ఒక పేషెంటును ఒకసారి చూస్తే మీకు ఫైండింగ్స్ (జబ్బు గుర్తులు) దొరుకుతాయి. అదే పేషెంటును ఐదు రోజులు వరుసగా చూస్తేనే జబ్బు దొరుకుతుంది. డెంగీ మనిషిని జ్వరంతో చూసినవాళ్లు చాలామంది ఉంటారు. జ్వరం తగ్గిన రోజు అతని కడుపు నొప్పిని, చల్లబడిన చేతులను, దగ్గరపడుతున్న పై, కింది బీపీ అంకెలను చూసినవాళ్లకే డెంగీలో ప్రమాదం జ్వరం దిగాక మొదలవుతుందన్నది మనసుకు ఎక్కుతుంది. గుండె ఫెయిల్యూర్‌లో లాసిక్స్ (ఒంట్లో నీరు మూత్రంలో పోయేలా చేసే మందు) ఇచ్చిన మర్నాడు కాలి వాపు మీద నిన్న మీ బొటనవేలు పడ్డ గుంట ఎంత ఉందో, ఈరోజు ఎంత ఉందో చూసుకుంటే ఆ మందును మీరు జన్మలో మరచిపోరు.

ఇంకోటి, రెండో రోజు పేషెంటు వేరే మనిషి. నిన్న చెప్పనిది ఈరోజు చెబుతాడు. టీబీ మందులు మధ్యలో ఆపేశానని, ఎవరికీ తెలియకుండా పసరు తాగానని, గల్ఫ్‌లో ఉన్నప్పుడు ఒకసారి ఇలాగే అయిందని రెండో రోజే బయటికొస్తుంది. కేస్ షీట్‌లో అది రాదు. మీకే చెబుతాడు, ఎందుకంటే మళ్లీ వచ్చింది మీరే.

ఇక్కడ ఏ కాలంలో ఏ జబ్బులు చూడొచ్చు?

వానలు పడ్డాక డెంగీ, మలేరియా, టైఫాయిడ్. మలేరియాకు ఏజెన్సీ ఊర్ల నుంచి వచ్చేవాళ్లను ముందు అనుమానించాలి. మే నెలలో వడదెబ్బ. ఒంటి వేడి 40 డిగ్రీల సెల్సియస్ దాటి మాట తడబడితే చల్లబరచడమే మొదటి మందు. చలికాలం దగ్గు, దమ్ము, పక్షవాతం. షుగర్, బీపీ, కిడ్నీ, లివర్ జబ్బులు ఏడాదంతా. ఆదివాసీ పిల్లలు, యువకులు ఒళ్లు నొప్పులతో, పసిరికలతో, రక్తం తక్కువై వస్తే సికిల్ సెల్ (ఎర్ర రక్తకణాలు వంకర తిరిగే, వంశంలో వచ్చే జబ్బు) సంగతి అడగడం మరవొద్దు.

వానాకాలం పాము కాట్ల గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి. నాగుపాము, కట్లపాము నరాల మీద పని చేస్తాయి. రక్తపింజర, చిన్నపింజర రక్తాన్ని గడ్డకట్టనివ్వవు. గడ్డకట్టడం చూసే పరీక్షకు మిషన్ అక్కర్లేదు. శుభ్రమైన, పొడి గాజు ట్యూబులో రెండు మిల్లీలీటర్ల రక్తం పోసి, 20 నిమిషాలు కదపకుండా ఉంచి, వంచి చూడాలి. కారిపోతే గడ్డకట్టలేదని. సబ్బుతో కడిగిన ట్యూబు, ప్లాస్టిక్ ట్యూబు పనికిరావు, తప్పు జవాబు చెబుతాయి. ఆ 20 నిమిషాలు మీరే గడియారం పట్టుకుని పక్కన నిలబడండి.

కట్లపాము నేల మీద పడుకున్నవాళ్లను రాత్రి నిద్రలో కరుస్తుంది. నొప్పి ఉండదు, గాటు కనబడకపోవచ్చు. తెల్లవారుజామున కడుపు నొప్పితో లేస్తారు. చాలా ఏళ్ల కిందట నేను పని చేసిన ఒక చోటికి అలాగే ఒకావిడ వచ్చింది. గ్యాస్ అని సూది వేసి ఓ మూలన పడుకోబెట్టారు. మేం రౌండ్స్‌లో ముందుకు వెళ్లిపోయాం. వెనక ఉన్న రెండో ఏడు అమ్మాయి వచ్చి, “సార్, ఆమె గడ్డం పైకెత్తి చూస్తోంది” అంది. కనురెప్పలు వాలిపోతుంటే కింది నుంచి చూడటానికి మనిషి తల వెనక్కి వంచుతాడు. ఆ అమ్మాయికి అప్పటికి ప్టోసిస్ అన్న మాట కూడా సరిగ్గా రాదు, కానీ చూసింది. గంటలోపే ఆవిడకు ఊపిరి అందక ట్యూబు వేయాల్సి వచ్చింది. యాంటీ వీనమ్, వెంటిలేటర్ మీద నాలుగు రోజులు. ఐదో రోజు ఆవిడే చేత్తో పట్టుకుని చాయ్ తాగింది.

గడ్డి మందు, పురుగు మందు తాగిన పేషెంట్లతో ఏం మాట్లాడాలో తెలియడం లేదు.

మన వార్డుల్లో అన్నిటికంటే బరువైన మంచాలు అవే. ఎందుకు తాగావని అడగొద్దు, అది సైకియాట్రీ వాళ్లు తీరిగ్గా, చాటుగా అడుగుతారు. మందలించడం అసలే వద్దు. పురుగు మందుల్లో ఆర్గానోఫాస్ఫేట్ అయితే వైద్యం ఉంది. కంటిపాప, చెమట, ఊపిరితిత్తుల శబ్దం, పల్స్ చూసుకుంటూ విరుగుడు మందు అట్రోపిన్ ఎలా పెంచుతారో పీజీ పక్కన నిలబడి గమనించండి. చంక తడి ఆరిందా లేదా అని వేలితో చూడటం కూడా పరీక్షే.

గడ్డి మందుల్లో పారాక్వాట్ సంగతి వేరు. దానికి విరుగుడు లేదు. మొదటి రెండు రోజులు మనిషి బాగానే మాట్లాడతాడు. నోట్లో పుండ్లు, తర్వాత కిడ్నీలు, తర్వాత ఊపిరితిత్తులు. “ఇంటికెప్పుడు పంపిస్తరు?” అని మిమ్మల్నే అడుగుతాడు. జవాబు మీరు చెప్పకూడదు, యూనిట్ పెద్ద డాక్టరు చెప్పాలి. కానీ ఆ ప్రశ్న విని పారిపోవద్దు. “సార్‌ను అడిగి తీసుకొస్తా” అని చెప్పి, నిజంగా తీసుకురండి. మర్నాడు కూడా ఆ మంచం దగ్గరికి వెళ్లండి.

ఒకే పేషెంటును ఇరవై మంది చూస్తున్నాం. ఇది సరైనదేనా?

కాదు. ముగ్గురు నలుగురి కంటే ఎక్కువ వద్దు. దమ్ముతో ఉన్నవాళ్లను లేపి కూర్చోబెట్టి ఇరవై సార్లు వెన్ను తట్టడం హింస. భోజనం చేస్తున్నప్పుడు, నిద్రపోతున్నప్పుడు వెళ్లొద్దు. వద్దంటే నమస్కారం పెట్టి వచ్చేయండి. ఆడవాళ్లను పరీక్షించేటప్పుడు తెర లాగాలి, తోటి విద్యార్థిని గానీ నర్సు గానీ ఉండాలి, చీర కొంగు ఎంత తీయాలో అంతే తీయాలి, చూశాక మీరే కప్పాలి. ఫోన్‌తో ఫొటోలు తీసి గ్రూపుల్లో పెట్టడం ఎంత మంచి ఫైండింగ్ అయినా తప్పే.

మాది కొత్త కాలేజీ. పేషెంట్లు తక్కువ, సూపర్ స్పెషాలిటీ లేదు. నష్టపోతున్నామా?

నేనలా అనుకోను. పెద్ద ఆసుపత్రిలో ఒక మంచానికి ఎనిమిది మంది విద్యార్థులుంటే, మీకు ఎనిమిది మంచాలకు ఒకరుండొచ్చు. మీ దగ్గరికి వచ్చే షుగర్, బీపీ, దమ్ము, జ్వరం, పాముకాటు కేసులే రేపు మీరు పీహెచ్‌సీలో చూడబోయేవి. అరుదైన జబ్బు తక్కువ చూస్తారన్నది నిజం. దానికి నెలకోసారి దగ్గర్లోని పెద్ద కాలేజీ క్లినికల్ మీటింగుకు వెళ్లే ఏర్పాటు చేయమని డిపార్ట్‌మెంటును అడగండి.

వార్డులో మాకు జబ్బు అంటుకోదా?

జాగ్రత్త పడాలి. హెపటైటిస్ బి టీకా మూడు డోసులు, సున్నా, ఒకటి, ఆరు నెలల లెక్కన, పోస్టింగులకు ముందే మొదలుపెట్టండి. దగ్గుతున్న పేషెంటు దగ్గర ఎన్95 మాస్కు, ఎవరు నవ్వినా సరే. సూది గుచ్చుకుంటే వేలు పిండొద్దు, నోట్లో పెట్టుకోవద్దు. సబ్బు, నీళ్లతో కడిగి వెంటనే డ్యూటీ డాక్టరుకు చెప్పండి. హెచ్‌ఐవీ రాకుండా ఇచ్చే మందులు రెండు గంటల్లో మొదలైతే మంచిది, 72 గంటలు దాటితే పనికిరావు. తిడతారని దాచిపెట్టి మర్నాడు చెప్పిన పిల్లల్ని చూశాను, అందుకే గట్టిగా చెబుతున్నాను.

హాజరు, లాగ్‌బుక్ గురించి?

థియరీకి 75 శాతం, క్లినిక్స్‌కు 80 శాతం హాజరు ఉండాలి. లాగ్‌బుక్ ఆ రోజుదారోజే రాసి సంతకం పెట్టించండి. పరీక్షకు ముందు వారం కూర్చుని ఫ్రెండు పుస్తకం చూసి రాసిన కేసు మీద ఎగ్జామినర్ ఒక్క ప్రశ్న వేస్తే తెలిసిపోతుంది.

అందరి ముందు కేసు ప్రెజెంట్ చేయాలంటే టెన్షన్. తిడితే ఇంకా భయం.

నేను విద్యార్థిగా ఉన్నప్పుడు ఒక సార్ పేషెంటు ముందే నా కేస్ షీట్ విసిరేశారు. చాలా ఏళ్లయినా ఆ కాగితాలు మంచం కిందికి జారడం గుర్తుంది. ఆ పేషెంటే వంగి ఏరి నా చేతిలో పెట్టాడు. అలా చేయడం తప్పని అప్పుడూ అనుకున్నాను, ఇప్పుడూ అంటాను. తిట్టు వల్ల ఎవరికీ జేవీపీ కనబడదు.

ప్రెజెంటేషన్‌కు ఒక పద్ధతి చెబుతాను. చూసి చదవకండి. పేషెంటు కథను మీ అమ్మకు ఫోన్‌లో చెబుతున్నట్టు ముందు తెలుగులో ఒకసారి చెప్పుకోండి. కథ ఎక్కడ తెగుతోందో అక్కడే మీరు అడగనిది ఉంటుంది. వెళ్లి అడిగి రండి. తర్వాత ఇంగ్లిష్‌లోకి మార్చండి. చూడనిదాన్ని చూశానని మాత్రం చెప్పొద్దు. “ప్లాంటార్ రిఫ్లెక్స్ చూడలేదు సార్” అంటే పోయేది ఒక మార్కు. ‘నార్మల్’ అని అబద్ధం చెప్పడం అలవాటైతే ఏదో ఒక రాత్రి డ్యూటీలో దానికి పేషెంటు మూల్యం చెల్లిస్తాడు.

నిద్ర పట్టకపోవడం, వార్డు అంటేనే ఏడుపు రావడం వారాల తరబడి ఉంటే అది టెన్షన్ కాదు, వైద్యం కావాలి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416, ఫ్రీ, తెలుగులో మాట్లాడతారు.

పీజీ ఎంట్రన్స్ కోచింగ్ వదులుకుని వార్డులో కూర్చుంటే వెనకబడమా?

పొద్దున మూడు గంటలు వార్డువి. వాటిని కోచింగ్ వీడియోలకు ఇవ్వొద్దు. పొద్దున చూసిన పేషెంటు జబ్బు మీదే ఆ సాయంత్రం చదవండి, దాని మీదే ఎంసీక్యూలు చేయండి. మొహం తెలిసిన జబ్బు మర్చిపోవడం కష్టం.

హౌస్ సర్జన్సీలో మెడిసిన్‌లో ఏం నేర్చుకోవాలి?

ఏడాది ఇంటర్న్‌షిప్‌లో జనరల్ మెడిసిన్ ఆరు వారాలే. రక్తం తీయడం, క్యానులా (సెలైన్ కోసం నరంలో పెట్టే గొట్టం), రైల్స్ ట్యూబు (ముక్కు నుంచి కడుపులోకి వేసేది), ఫోలీ క్యాథెటర్ (మూత్రం గొట్టం), ఏబీజీ (ధమని రక్తంలో వాయువుల పరీక్ష), ఈసీజీ పెట్టి చదవడం మీ చేత్తో మీరు చేయాలి. శాంపిళ్లు మోస్తూ, రిపోర్టుల కోసం తిరుగుతూ రోజు గడిచిపోతుందని చాలామంది బాధపడతారు. ఆ బాధ న్యాయమైనదే. రిపోర్టు తెచ్చినప్పుడు కనీసం చదివి, ఆ అంకెను మంచం మీది మనిషితో కలిపి చూసి ఇవ్వండి. పొటాషియం 6.8, అంటే గుండెకు ముప్పు తెచ్చేంత ఎక్కువ, ఉన్న కాగితాన్ని ఫైల్లో పెట్టేసి వెళ్లిపోవద్దు, పరుగెత్తండి.

డిశ్చార్జ్ రోజు మా పని ఏమిటి?

కాగితం చేతిలో పెట్టడంతో అయిపోదు. మందులు పేషెంటు ముందే బయట పోసి, ఒక్కొక్కటి చూపించి చెప్పాలి. చదువు రాని అవ్వకు పట్టీ మీద పెన్నుతో పొద్దుటి గోలీకి సూర్యుడు, రాత్రి గోలీకి నెలవంక గీయండి. నీళ్ల గోలీ, అంటే లాసిక్స్, పొద్దున వేసుకోమని ఎందుకంటున్నారో కూడా చెప్పండి. లేకపోతే రాత్రి వేసుకుని, మూడుసార్లు చీకట్లో బయటికి పోవాల్సి వచ్చి, నాలుగో రోజు మానేస్తుంది.

రుమాటిక్ జ్వరం వల్ల గుండె వాల్వు జబ్బుతో వచ్చే చిన్న వయసు వాళ్లకు 21 రోజులకోసారి పెన్సిలిన్ సూది ఏళ్ల తరబడి పడాలి. ఒక హౌస్ సర్జన్ తన పేషెంటుకు, పంతొమ్మిదేళ్ల పెండ్లయిన అమ్మాయికి, ఇంట్లో గోడకుండే క్యాలెండర్ ఫొటో ఫోన్‌లో పంపమని చెప్పి, ఆ ఏడాది సూది పడాల్సిన తేదీలన్నిటినీ ఒక చీటీ మీద రాసిచ్చాడు. ఆమె అత్త ఆ క్యాలెండర్ మీద ఆ తేదీలకు కుంకుమతో చుక్కలు పెట్టింది. తర్వాతి రివ్యూకు వచ్చినప్పుడు ఒక్క చుక్క కూడా తప్పలేదని అత్తే ముందు చెప్పింది.